ఫ్రీడ్రిష్ గీసిన సముద్రాన్ని ఎలా చూడాలి

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1808-1810 మధ్య వేసిన 'సముద్రతీరంలో సన్యాసి' బొమ్మను ఫోన్‌లో జూమ్ చేసి చూడకండి. బెర్లిన్‌లోని ఆల్టే నేషనల్‌గ్యాలరీలో ఉన్న అసలు బొమ్మ వెడల్పు మీటరున్నర దాటుతుంది, కాబట్టి వీలైనంత పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని దగ్గరగా కూర్చోండి.

ముందు మనిషిని వదిలేసి ఆకాశం చూడండి. ముప్పాతిక వంతుకు పైగా అదే. కింద నల్లటి సముద్రం సన్నటి పట్టీలా ఉంటుంది, ఆ కింద పాలిపోయిన ఇసుక. ఇప్పుడు సన్యాసి దగ్గరికి రండి, ఎంత చిన్నగా ఉన్నాడో! ఆయన చుట్టూ చెట్టో కొండో పడవో ఉందేమో వెతకండి. కొన్ని తెల్లటి పక్షులు తప్ప ఏమీ దొరకదు, ఎందుకంటే ఫ్రీడ్రిష్ మొదట ఓడలు గీసి కూడా తర్వాత వాటి మీద రంగు వేసి కప్పేశాడు.

కంటికి ఎక్కడా ఆసరా దొరక్క లోపల కాస్త బెరుకు పుడుతుంది చూశారా, దాన్ని వదలకండి. భయపెడుతూనే లాగేది, కానీ ప్రమాదం మనదాకా రానిది: 1757లో తత్వవేత్త ఎడ్మండ్ బర్క్ సబ్లైమ్ అనే అనుభూతి గురించి చెప్పింది దాదాపు ఇదే. తెలుగులో ఉదాత్తం అంటాం గానీ, ఆ మాటలో నాకు ఈ భయం వినిపించదు.

తర్వాత ఇదే అనుభూతి కోసం ఇంగ్లీష్ చిత్రకారుడు టర్నర్ 1812లో ప్రదర్శించిన, ఏనుగులతో ఆల్ప్స్ దాటిన సేనాని హానిబల్ మంచు తుఫాను బొమ్మ తీసి, అందులో ఏనుగు ఎక్కడుందో వెతకండి. టైమ్ పడుతుంది.