ఆపరేషన్ డేటు ఖాయమైందా? ముందు చూర్ణాల డబ్బా బయటికి తీయండి

"ఏమేం మందులు వాడుతున్నారు?" అని ఆసుపత్రిలో అడిగితే బీపీ గోలీ, షుగర్ గోలీ చెప్పి ఊరుకుంటాం. పరగడుపున మింగే పచ్చి వెల్లుల్లి, వాకింగ్ అయ్యాక పార్కు గేటు దగ్గర తాగే గోధుమగడ్డి రసం, మోకాళ్ల నొప్పులకని తెచ్చుకున్న గుగ్గులు గోలీలు, పాతబస్తీ హకీంగారిచ్చిన మాజూన్ (యునానీ లేహ్యం) మనకు గుర్తుకే రావు. అడిగేవాళ్లూ అంత లోతుగా అడగరు. సర్జరీ రోజున రక్తం ఆగకుండా చిక్కు తెచ్చేవి వీటిలోనే ఉండొచ్చు.

తెగిన చోట రక్తం ఆగడం రెండు అంచెల పని. మొదట ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని బిరడాలా అడ్డం పడతాయి. తర్వాత కాలేయం తయారుచేసిన ప్రోటీన్లు ఫైబ్రిన్ దారాలు అల్లి ఆ బిరడాను గట్టిపరుస్తాయి. ఈ ప్రోటీన్లలో నాలుగు (2, 7, 9, 10 నంబరు ఫ్యాక్టర్లు) తయారవ్వాలంటే విటమిన్ కె కావాలి. వెల్లుల్లి, కర్క్యుమిన్ (పసుపులోని సారం), గింకో (ఒక చెట్టు ఆకుల సారం) లాంటివి ముఖ్యంగా మొదటి అంచెను వదులు చేస్తాయి. ఆకుకూరల ప్రభావం రెండో అంచె మీద, అదీ తిరగబడిన దిశలో, అంటే రక్తం గడ్డకట్టే వైపు ఉంటుంది.

రిపోర్టులు చూసి మోసపోయేది ఇక్కడే. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు, పీటీ–ఐఎన్ఆర్ (రెండో అంచె ఎంతసేపట్లో పనిచేస్తుందో చూసే పరీక్ష) నార్మల్ అని కాగితం మీద ఉంటుంది. కానీ కౌంటు చెప్పేది ఎన్ని ఉన్నాయనే, అతుక్కుంటున్నాయా లేదా అని కాదు. ఐఎన్ఆర్‌కు ప్లేట్‌లెట్ల సంగతే పట్టదు. బీటీ, సీటీ (రక్తం ఆగే సమయం, గడ్డకట్టే సమయం చూసే పరీక్షలు) కూడా ఇంత సూక్ష్మమైన తేడాను నమ్మకంగా పట్టుకోలేవు. అందుకే రిపోర్టు ఎంత బాగున్నా నోటితో చెప్పాల్సిందే.

వంటకూ మందుకూ తేడా ఎంతో పసుపుతో లెక్క వేసి చూడండి. వంట పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. టీస్పూను పసుపు 3 గ్రాములనుకుంటే అందులో ఉండేది 90 మిల్లీగ్రాములు. అదే 95 శాతం సారంతో చేసిన 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 475 ఉంటుంది. రోజుకు రెండు వేసుకుంటే పది టీస్పూన్ల పసుపు తిన్నట్టు. పైగా డబ్బా మీద చిన్న అక్షరాల్లో "పైపరిన్" అని ఉందేమో చూడండి. అది మిరియాల సారం. మామూలుగా ఒంటికి పట్టని కర్క్యుమిన్‌ను రక్తంలోకి ఎక్కిస్తుంది. 2018లో న్యూజిలాండ్ ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడే మనిషి పసుపు ఉన్న సప్లిమెంటు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఐఎన్ఆర్ 10 దాటింది. ఆ మందు వాడేవాళ్లకు మామూలుగా ఉండాల్సింది 2, 3 మధ్య. పప్పులో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం అక్కర్లేదు.

వెల్లుల్లీ అంతే. బిర్యానీలో పడిన అల్లం వెల్లుల్లి పేస్టు ఉడికాక బలం తగ్గిపోతుంది. పచ్చిరెబ్బ నలిగినప్పుడు పుట్టే అల్లిసిన్, దాన్నుంచి వచ్చే అజోయిన్‌తోనే పేచీ. అజోయిన్ పట్టిన ప్లేట్‌లెట్ మళ్లీ మామూలు స్థితికి రాదు, కొత్తది పుట్టాల్సిందే. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. వెల్లుల్లి కనీసం వారం ముందే ఆపమనడానికి కారణం అదే. రోజూ నాలుగు రెబ్బల దాకా తినే 87 ఏళ్ల వృద్ధుడికి వెన్నుపాము పక్కన దానంతటదే రక్తం కారి, గడ్డలా పేరుకుని నరాలను నొక్కేసిన కేసు 1990లో వైద్య పత్రికకెక్కింది. వెన్నులో సూది గుచ్చే మత్తు తీసుకునేవాళ్లు దీన్ని ఇంకాస్త గట్టిగా పట్టించుకోవాలి.

"ఆకు పసరు ఏం చేస్తుందిలే" అనేవాళ్లకు ఒక సంగతి. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తరాదిన బూజు పట్టిన గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం కారి చచ్చిపోయాయి. ఆ గడ్డిలో దొరికిన పదార్థం నుంచే వార్ఫరిన్ పుట్టింది. మన దగ్గర గుండె వాల్వు పేషెంట్లు వేసుకునే అసిట్రోమ్ కూడా ఆ కుటుంబానిదే.

ఇక చేయాల్సింది. డేటు ఇచ్చిన రోజే ఇంట్లో ఉన్న చూర్ణాలు, క్యాప్సూళ్లు, కషాయాలు, చేపనూనె, విటమిన్ ఇ గోలీలు అన్నీ ఒక సంచిలో వేయండి. వాటిని మత్తు డాక్టరు చూసే పీఏసీ చెకప్‌కు తీసుకెళ్లండి. బేగంబజార్‌లో పొట్లం కట్టించుకున్న పొడికి లేబులు ఉండదు కాబట్టి ఏమేం కలిపారో షాపులో అడిగి చీటీ మీద రాయించుకోండి. చెప్పలేకపోతే ఇక దాన్ని వాడనే వద్దు. సొంతంగా మొదలుపెట్టినవి రెండు వారాల ముందు ఆపేయండి. కలగూర మిశ్రమాల్లో ఏది ఎంత ఉందో తెలియదు కాబట్టే అంత గడువు. ఎర్రగడ్డ ఆయుర్వేద ఆసుపత్రిలోనో చార్మినార్ దగ్గరి నిజామియా యునానీ ఆసుపత్రిలోనో రాసిచ్చిన మందైతే అక్కడి వైద్యుడితో మాట్లాడి ఆపండి. అర్జంటు ఆపరేషనైతే రెండు వారాల మాటే లేదు, చివరిసారి ఎప్పుడు, ఎంత తీసుకున్నారో చెబితే చాలు.

రక్తం గడ్డకట్టకుండా డాక్టరు రాసిన ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంటులోనో వాల్వు మీదో గడ్డ కడితే ప్రాణం మీదికొస్తుంది. వాటిని ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు చెప్పాలి. వాటి బదులు వెల్లుల్లి తింటే సరిపోతుందన్న సలహా వాట్సాప్‌లో ఎంత తిరిగినా నమ్మొద్దు.

అసిట్రోమ్ వాడేవాళ్లకు ఆషాఢం వేరే గండం. మునగాకు తినాలన్న ఆనవాయితీ కొద్దీ అప్పటిదాకా లేని ఆకు ఒక్కసారిగా కంచంలోకి వస్తుంది. విటమిన్ కె పెరిగి ఐఎన్ఆర్ దిగిపోతుంది, మందు వేసుకుంటున్నా పని చేయనట్టే. పాలకూర, గోధుమగడ్డి రసం, మునగాకు పొడితోనూ ఇదే తంటా. అలాగని ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినండి. పొడి కొత్తగా మొదలుపెట్టినా, వాడేది మానేసినా వారంలోపు ఐఎన్ఆర్ చేయించుకోండి.

పన్ను పీకించుకున్నాక గాజుగుడ్డను అరగంటకు పైగా కదలకుండా కొరికి పట్టుకోండి. ఊయొద్దు, పుక్కిలించొద్దు, ఆ గుంటలో పసుపు కూరొద్దు. కోసుకుపోయిన వేలికి గడ్డిచామంతి పసరు పిండే అలవాటున్నవాళ్లు సర్జరీ కుట్ల జోలికి దాన్ని తేవొద్దు. మన్నులోని క్రిములు కూడా దానితో వస్తాయి.

సిజేరియన్ అయిన బాలింతకు పెద్దవాళ్లు కాయం (బాలింతలకు పెట్టే లేహ్యం), వెల్లుల్లి కారం సిద్ధంగా పెట్టుకుంటారు. పాలకు మెంతులూ పెడతారు. కూరలో వేసే మోతాదైతే పరవాలేదు. ముద్దలు ముద్దలుగా కాయం తినిపించే ముందు, గడ్డలు కట్టకుండా పొట్టకు ఇంజెక్షన్లు ఇస్తున్నారా అని డాక్టరమ్మను అడగండి. ఇస్తున్నారంటే అవి ఆపేదాకా ఆగండి. మిగతావాళ్లు కూడా కుట్లు మానాక డాక్టరును అడిగి, ఒక్కో మందూ వారం ఎడంతో తిరిగి మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది తేడా చేసిందో తెలియదు. ఈలోగా మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టినా రక్తం ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా ఇంట్లో కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.