ట్రాఫిక్ సిమ్యులేషన్‌లో లోడంతా ఒక్క కోర్ మీదే పడుతుంటే ఏం చేయాలి

మ్యాప్‌ని నాలుగు ముక్కలు చేసి నాలుగు కోర్లకి పంచేస్తే స్పీడు నాలుగు రెట్లు వస్తుందనుకుంటాం, రాదు. రోడ్లు కదలవు గానీ బళ్లు కదులుతాయి కదా, పొద్దున అందరూ ఒకవైపే పోతే ఆ ముక్క చూసే కోర్‌కి ఊపిరాడదు, మిగతా మూడూ పని ముగించుకుని దాని మొహం చూస్తూ కూర్చుంటాయి, ఎందుకంటే స్టెప్ (సిమ్యులేషన్‌లో కాలం ఒక అడుగు ముందుకు జరగడం) చివర అందరూ కలిస్తేనే తర్వాతి స్టెప్.

ముందు కొలవండి. నేను బోర్లాపడింది ఇక్కడే. టైమర్ స్టెప్ మొదట్లో పెట్టి చివర్లో ఆపాను, వెయిటింగ్ కూడా అందులోనే కలిసిపోయి అన్ని ప్రాసెస్‌లకీ (ఒక్కో కోర్ మీద ఒక్కో ముక్కని నడిపే ప్రోగ్రామ్ కాపీలకి) ఒకే నంబర్ వచ్చింది, అబ్బ ఎంత బాగా బ్యాలెన్స్ అయిందో అని రెండ్రోజులు మురిసిపోయా. పక్క ప్రాసెస్ డేటా కోసం ఆగే ముందే, అంటే ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) రిసీవ్ దగ్గరికి రాకముందే టైమర్ ఆపేయాలి. అప్పుడు 40, 10, 12, 18 మిల్లీసెకన్లు అని అసలు రంగు బయటపడుతుంది. సగటు 20, ఎక్కువ పట్టింది 40, అంటే నాలుగు కోర్లు పెట్టి రెండింటి పనే తీసుకుంటున్నాం.

రోడ్డు పొడవు చూసి పంచొద్దు. 1992 నాటి నాగెల్-ష్రెకెన్‌బర్గ్ ట్రాఫిక్ మోడల్‌లో రోడ్డుని గళ్లుగా విడగొడతారు, ఒక గడిలో (సెల్‌లో) ఒక్క బండే పడుతుంది, ఒక సెల్ 7.5 మీటర్లు, అంటే 750 మీటర్ల లేన్ జామ్ అయితే 100 బళ్లు, ఖాళీగా ఉంటే సున్నా, పొడవు మాత్రం అదే. బళ్ల లెక్క కొంత నయం, కానీ సిగ్నళ్లు, లేన్ మార్పులు ఎక్కువున్న చోట ఒక్కో బండికే టైం ఎక్కువ తింటుంది కాబట్టి కొలిచిన టైమే వాడండి.

పంచే పని మెటిస్‌కి (నోడ్లు, వాటిని కలిపే ఎడ్జ్‌లు ఉన్న గ్రాఫ్‌ని దాదాపు సమాన వెయిట్ ముక్కలుగా కోసే సాఫ్ట్‌వేర్‌కి) ఇచ్చేయండి, కూడళ్లు నోడ్లు, రోడ్లు ఎడ్జ్‌లు, నోడ్ వెయిట్ అక్కడ పట్టిన టైం, ఎడ్జ్ వెయిట్ దాటే బళ్లు. వెయిట్లు పూర్ణాంకాలే తీసుకుంటుంది, 0.4 మిల్లీసెకను అని ఇస్తే సున్నా అయిపోతుంది, మైక్రోసెకన్లలోకి మార్చి 400 ఇవ్వండి. కోత కూడలిలో పడకుండా రోడ్డు మధ్యలో పడేలా చూస్కోండి, కూడలి రెండు ప్రాసెస్‌ల మధ్య చీలితే ఎవరు ముందు పోవాలో తేల్చడానికే మెసేజ్‌లు సరిపోతాయి.

ప్రతి స్టెప్‌కీ మళ్లీ పంచాలని ఉబలాటపడొద్దు. పంచడానికి, బళ్లని తరలించడానికి 500 మిల్లీసెకన్లు పట్టి, స్టెప్ 40 నుంచి 22కి దిగిందనుకోండి, 18 మిగులు, ఖర్చు తిరిగి రావడానికే 28 స్టెప్పులు. ఆలోపే జామ్ ఇంకో ముక్కకి పోతే నష్టమే. కాసేపు వరసగా తేడా కనిపిస్తేనే కదిలించండి.

ఇంకోటి, రాండమ్ నంబర్లు ప్రాసెస్ నుంచి కాకుండా బండి ఐడీ, స్టెప్ నంబర్ కలిపి తీయండి, లేకపోతే బండి ముక్క మారగానే డ్రైవర్ బుద్ధి కూడా మారిపోతుంది. ఒక ప్రాసెస్‌తో, నాలుగింటితో ఒకే సీడ్‌తో (రాండమ్ నంబర్లు మొదలయ్యే విలువతో) రన్ చేసి బళ్ల పొజిషన్లు పోల్చండి, తేడా వస్తే అది దొరికేదాకా బ్యాలెన్సింగ్ ఆపేసే ఉంచండి.