లారీ ఆగినచోటే గుండెకు కసరత్తు

భీమవరంలో చేపల లోడు ఎత్తిన లారీ ఐసు కరగకముందే హౌరా చేరాలి. వెయ్యి కిలోమీటర్లు దాటిన ఆ దారిలో కసరత్తుకని విడిగా టైము దొరకదు. బండి ఎలాగూ ఆగే చోట్లనే వాడుకోవాలి: డీజిల్ బంకు, టైర్ల చెకింగు, ధాబా.

12 టైర్ల బండి చుట్టూ ఒక రౌండు సుమారు 25 మీటర్లు. మొదటి రౌండు టైర్లు చూసుకుంటూ మెల్లగా తిరగండి. ఆ తర్వాత 40 రౌండ్లు గబగబా నడిస్తే కిలోమీటరవుతుంది, 11 నిమిషాల పని. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అదీ సరైన వేగం. రోజూ రెండుసార్లు నడిస్తే వారానికి కావలసిన 150 నిమిషాలు పూర్తవుతాయి. మొదటి వారం 15 రౌండ్లు చాలు. హైవే పక్కన వద్దు, పార్కింగులోనే నడవండి. మే నెలలో మన ఉక్కపోతకి తెల్లవారుజామునో, పొద్దుగూకాకో మేలు. గంటల తరబడి కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలిచిపోతుంది కాబట్టి, దిగగానే డోరు పట్టుకుని 20 సార్లు మడమలు ఎత్తి దించండి.

బీపీ చూసుకోవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఇంజను ఆన్‌లో ఉన్న క్యాబిన్‌లో, టీ తాగి, ఖైనీ నోట్లో ఉండగా చూస్తే ఆ లెక్క పనికిరాదు. అవి మానిన అరగంటకి, వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి రెండుసార్లు చూడండి. వేర్వేరు రోజుల్లో 140/90 దాటుతుంటే పీహెచ్‌సీకి వెళ్లండి, అక్కడ ఉచితంగా చూస్తారు. ట్రిప్పు రోజులకు సరిపడా మాత్రలకి మరో నాలుగు రోజులవి కలిపి పెట్టుకోండి, డాష్‌బోర్డు ఎండలో మాత్రం కాదు. ఒంటేలు ఎక్కువ తెప్పించే మాత్రని దారిలో ఆగాల్సొస్తుందని చాలామంది మానేస్తారు. అది ప్రమాదం. వేసుకునే వేళ మార్చమని, లేదా వేరే మందు రాయమని డాక్టరునే అడగండి.

తిండిలో ముందు తగ్గించాల్సింది ఉప్పు: ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప. ఆరు టీలంటే పన్నెండు చెంచాల పంచదార. రావులపాలెం అరటిపళ్లు, వేయించిన శనగలు సీటు పక్కన ఉంటే బజ్జీల జోలికి పోరు.

ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు. బండి పక్కకి ఆపి, పార్కింగు లైట్లు వేసి, 108కో 112కో ఫోను చేయండి. ఎంత దగ్గర ఆసుపత్రైనా స్టీరింగు మీరు పట్టొద్దు.