చిన్నప్పటి పుస్తకాల పిచ్చి గురించి రాసుకోవడం ఎలా

చిన్నప్పుడు అన్నం కంచం దగ్గర కూడా పుస్తకం వదలక తిట్లు తిన్నవాళ్లకి ఆ రోజుల గురించి ఎప్పుడో ఒకప్పుడు రాసుకోవాలనిపిస్తుంది. తీరా కూర్చున్నాక ఎక్కువమంది చేసే పని, చదివిన పుస్తకాల పేర్లు వరసగా రాసేసి ఒక్కోదాని పక్కన అద్భుతం అనో, ఇప్పటికీ మర్చిపోలేను అనో పెట్టడం. అలా రాయొద్దు. ఆ పుస్తకాలు మీతోపాటు ఎంతోమంది చదివారు, వాటి గురించి ఎవరైనా రాయగలరు. కానీ ఆ పుస్తకం మీ ఇంట్లోకి ఎలా వచ్చింది, డబ్బులెవరిచ్చారు, ముందు ఎవరు చదివారు, మీ వంతు వచ్చేసరికి ఎంత రాత్రయింది, పరీక్షలప్పుడు దాన్ని ఎవరు ఎక్కడ దాచారు, ఇవన్నీ మీ ఇంటివాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియవు. అందుకే పుస్తకం ఇంటికొచ్చిన దారి పట్టుకుని మొదలుపెట్టండి.

ముందు ఒక తెల్లకాగితం మీద ఆ దారులన్నీ రాసుకోండి. పేపరబ్బాయి వేసే వారపత్రిక, ఊళ్లో శాఖా గ్రంథాలయం, అద్దె పుస్తకాల షాపు, పక్కింటివాళ్లతో మార్పిడి, వేసవి సెలవుల్లో మావయ్య వాళ్లింటి అటక, విశాలాంధ్ర ప్రచురణాలయం వాళ్లు వ్యానులో తెచ్చి చవగ్గా అమ్మిన సోవియట్ పుస్తకాలు, ఆఖరికి మరమరాల పొట్లం కట్టిన కాగితం కూడా. తర్వాత ఒక్కో దారికి ఒక్కో కాగితం ఇవ్వండి. అద్దె షాపు కాగితం తీసుకుంటే, డిపాజిట్ ఎవరు కట్టారు, ఖాతా ఎవరి పేరు మీద ఉంది, పుస్తకం మార్చుకురావడానికి ఎవరిని పంపేవారు, మీ చేతికి ఇవ్వకూడని నవలల్ని షాపాయన ఎలా వేరు చేసేవాడు అని రాసుకుంటూ పొండి. రోజుకింత అని అద్దె కాబట్టి చాలా ఇళ్లల్లో ఒకే నవలని పొద్దున అమ్మ, సాయంత్రం అక్క, రాత్రి తమ్ముడు పూర్తిచేసి మర్నాడు తిరిగి ఇచ్చేసేవాళ్లు. మీకు గబగబా చదివే అలవాటు అక్కడే వచ్చిందేమో గుర్తు చేసుకోండి.

ఇక పెద్దవాళ్లని అడగడం. ఈ పని వాయిదా వేయకండి, మిగతావన్నీ ఆగుతాయి కానీ ఇది ఆగదు. 'పిన్నీ, చిన్నప్పుడు ఏం చదివేదానివి?' అని అడిగితే 'ఏవో చదివేవాళ్లంలే' అని ఊరుకుంటుంది. 'పిన్నీ, పత్రిక ఏ వారం వచ్చేది? ముందు ఎవరు లాక్కునేవారు? మీ నాన్నగారు వస్తే ఎక్కడ పెట్టేసేవాళ్లు?' అని అడగండి, అప్పుడు మాట ఆగదు. ఫోన్లో అడుగుతుంటే అవతలివాళ్లకి చెప్పి రికార్డు చేసుకోండి.

ఇంట్లో చదవడం రానివాళ్ల గురించి కూడా తప్పకుండా అడగాలి. మా అమ్మమ్మకి చదవడం రాదు, కానీ వారపత్రికలో వచ్చే సీరియల్ నవలల పిచ్చి అందరికన్నా ఆవిడకే ఎక్కువ. మధ్యాహ్నం చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది, అమ్మ పక్కనే గడప మీద కూర్చుని పైకి చదివేది, త్వరగా అయిపోవాలని అమ్మ వర్ణనలు దాటేస్తే ఆవిడ ఇట్టే పట్టేసి మళ్లీ వెనక్కి వెళ్లి చదవమనేది. నేను పుస్తకాల్లో పడింది ఆ చదువు వినే. మా ఇంట్లో అందరికన్నా శ్రద్ధగల పాఠకురాలు ఆవిడే అని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఇంట్లో కూడా అలాంటివాళ్లు ఉండే ఉంటారు, వాళ్లకి ఒక పేజీ ఇవ్వండి.

ఇప్పుడు వస్తువుల దగ్గరికి వద్దాం. పాత సీరియల్ బైండు ఒక్కటి దొరికినా మీ పంట పండినట్టే. వారం వారం పత్రికలోంచి ఆ నాలుగు పేజీలూ చింపి, దొంతర పెట్టి, దబ్బనంతో కన్నాలు పొడిచి దారంతో కుట్టి, ఉడికించిన మైదా జిగురులో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి అట్ట అంటించేవాళ్లు. దాన్ని నింపాదిగా తిప్పండి. పేజీ నంబర్లు 23 నుంచి 26 దాకా వచ్చి, తర్వాత ఒక్కసారిగా 41కి దూకుతాయి. ఎక్కడైనా ఒక వారం తెగిందా? ఆ వారం ఏం జరిగిందో ఇంట్లో అడగండి, జవాబు దొరికితే అదే ఒక కథ. సీరియల్ మొదటి పేజీ వెనక, చివరి పేజీ వెనక ఏముందో చూడండి: సగం తెగిన వంటల శీర్షిక, తలనూనె ప్రకటన, ఎవరో పెన్సిల్‌తో సగం నింపి వదిలేసిన పదాల పజిల్. ఆ చేతిరాత ఎవరిదో ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుపడతారు. లోపలి అట్ట మీద పేర్లు, 'ఈ పుస్తకం తీసుకున్నవారు తిరిగి ఇవ్వవలెను' లాంటి హెచ్చరికలు, అప్పు తీసుకున్నవాళ్ల జాబితా ఉంటే అవి కూడా ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకోండి.

అట్ట పోయి తేదీ తెలియకపోతే కంగారు పడక్కర్లేదు, లోపలే ఆనవాళ్లు ఉంటాయి. ధర అణాల్లో ఉంటే అది దాదాపుగా 1957కి ముందుది, ఎందుకంటే ఆ ఏడాది ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. నయాపైసలు అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది అనుకోవచ్చు, ఆ తర్వాత నయా పోయి ఉత్త పైసలు మిగిలాయి. ప్రకటనల్లో చిరునామా చూడండి: మద్రాసు-26 లాగా చిన్న అంకె ఉంటే పాతది కావచ్చు, ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే మాత్రం 1972 ఆగస్టు 15 తర్వాతదే. గ్రంథాలయం ముద్ర ఉంటే జిల్లా పేరు చదవండి. విజయనగరం జిల్లా అని ఉంటే ఆ ముద్ర 1979 తర్వాత వేసింది, ఎందుకంటే అంతకుముందు ఆ జిల్లాయే లేదు. చందమామ అయితే 1947 జూలైలో మొదలైంది, విషయసూచిక పేజీ మిగిలుంటే సంపుటి, సంచిక సంఖ్యలు చూసి నెల తేల్చుకోవచ్చు. పాత చందమామల స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతాయి, మీకు గుర్తున్న బొమ్మ వాటిలో కనబడితే మీ వయసు కూడా లెక్క తేలిపోతుంది. పెద్ద పత్రికల పాత సంపుటాలు కావాలంటే వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలకి వెళ్లాలి. విడి పుస్తకాలకైతే హైదరాబాద్‌లో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం చూడండి.

రాసేటప్పుడు ఒక్కో జ్ఞాపకానికి ఒక్క పేజీ చాలు, అన్నీ కలిపి పెద్ద వ్యాసం చేద్దామని చూస్తే మధ్యలో ఆగిపోతుంది. ఎక్కడ కూర్చుని చదివారు, వెలుతురు ఎటునుంచి పడేది, ఏం నములుతూ చదివేవారు, చదువుతుండగా ఎవరు ఏ పని చెప్పేవారు, ఇవి రాస్తే మిగతాది దానంతటదే వస్తుంది. చేదు విషయాలు కూడా వదలొద్దు. అన్నయ్య చదువుతుంటే బుద్ధిమంతుడు, అదే పుస్తకం అక్క పట్టుకుంటే పనిదొంగ అయ్యేది చాలా ఇళ్లల్లో, ఇప్పుడైనా అది రాసి తీరాలి. పుస్తకాలు కొనే స్తోమత లేకపోవడం, ఇల్లు మారేటప్పుడు కట్టలన్నీ పాత పేపర్లవాళ్లకి కిలోల లెక్కన వేసేయడం, దానికి ఎవరు ఏడ్చారు, ఎవరు ఒక్కటైనా తీసి దాచారు, ఇవన్నీ రాయండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే సంగతిని వేర్వేరుగా చెప్తే ఏది నిజమో తేల్చే టెన్షన్ పెట్టుకోకండి. 'అక్క ఇలా అంటోంది, నాకు ఇలా గుర్తుంది' అని రెండూ పక్కపక్కనే పెట్టండి. పుస్తకం పేరు గుర్తురాకపోతే ఖాళీ వదిలి ముందుకి పొండి.

దొరికిన పుస్తకాల్ని కాపాడుకునే పని కూడా పక్కన నడుస్తుండాలి. చిరిగిన పేజీలకి సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్లకి అది పసుపు మరకై అక్షరాల్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట పెట్టి ఫోన్‌తో ప్రతి పేజీకీ ఫోటో తీయండి, ప్రకటనలు, వెనక రాతలు కూడా వదలకుండా. గోడకి ఆనించకుండా చెమ్మలేని బీరువాలో పెట్టి, అప్పుడప్పుడూ తీసి గాలికి ఆరబెట్టి దులిపితే పురుగు పట్టడం తగ్గుతుంది.

ఓ పదీ పదిహేను పేజీలు కాగానే ప్రింటు తీసి ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వండి, వాట్సాప్‌లో పంపితే పైపైన చూసి వదిలేస్తారు. అక్షరాలు పెద్దవిగా పెట్టండి, పక్కన మార్జిన్ వెడల్పుగా వదలండి, ఒక పెన్సిల్ కూడా ఇవ్వండి. 'ఇది మీ బాబాయి కాదు, మీ పెదనాన్న' అని దిద్దుతారు, పక్కనే ఇంకో నాలుగు లైన్లు కొత్తవి రాస్తారు. ఆ లైన్లని రాసినవాళ్ల పేరుతో సహా రెండో ప్రతిలో చేర్చండి.