స్వరం సరైనదే, స్థాయి తప్పు: స్టాఫ్ నొటేషన్‌లో వచ్చే చిక్కులు

కంప్యూటర్‌లో బాణీ బ్రహ్మాండంగా వినిపిస్తుంది. అదే స్టాఫ్ (ఐదు గీతల) నొటేషన్ ప్రింట్ తీసి వాద్యకారుల ముందు పెడితే కుదరదు. వెంటనే వాయించేవాళ్లను అనుమానిస్తారు. ముందు కాగితాన్ని అనుమానించండి.

సమస్య: ఒక చోట నుంచి స్వరాలన్నీ తేడాగా వస్తున్నాయి

క్లెఫ్, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే లైను మొదటి గుర్తు, చూడండి. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇదే. ట్రెబుల్ క్లెఫ్‌లో అన్నిటికంటే కింది గీత ఈ (E), బాస్ క్లెఫ్‌లో అదే గీత జీ (G). చెల్లో పార్టులోనూ, పియానో ఎడమచేతి పార్టులోనూ లైను మధ్యలోనే క్లెఫ్ మారుతూ ఉంటుంది. చదివేవాళ్ల కన్ను లైను మొదట్లో చూసిన గుర్తు దగ్గరే ఆగిపోతుంది. తేడా ఎక్కడ మొదలైందో అక్కడ వేలు పెట్టి వెనక్కి వెళ్లండి, మారిన క్లెఫ్ దొరుకుతుంది.

సమస్య: అందరూ కలిశారు, క్లారినెట్ ఒక్కటే కలవట్లేదు

మామూలుగా వాడేది బీ ఫ్లాట్ క్లారినెట్. కాగితం మీద సి చూసి వాయిస్తే పలికేది బీ ఫ్లాట్. మన లెక్కలో చెప్పాలంటే ఒకటి శ్రుతిలో రాసిస్తే ఆరున్నరలో పలుకుతుంది. బీ ఫ్లాట్ ట్రంపెట్‌కీ ఇదే లెక్క. ఆల్టో సాక్సోఫోన్ ఈ ఫ్లాట్‌ది, అందులో సి రాస్తే దాని కిందున్న ఈ ఫ్లాట్ పలుకుతుంది. నొటేషన్ ప్రోగ్రామ్‌లో 'కాన్సర్ట్ పిచ్' (రాసే స్వరం కాక పలికే స్వరం చూపించేది) ఆన్‌లో పెట్టి స్కోరు చూడటం మంచిదే, ప్రింట్ తీసే ముందు ఆఫ్ చేయాలి.

సమస్య: స్వరం సరైనదే, కానీ ఆక్టేవ్ (స్థాయి) మారిపోయింది

అసలు తలనొప్పి ఇది. ఏ వాద్యం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పలుకుతుందో చెప్పే రేంజ్ చార్టులో 'వయొలిన్ అన్నిటికంటే కింది స్వరం జీ3' అని ఉంటుంది. ఆ మాట నమ్మి లాజిక్, క్యూబేస్ లాంటి రికార్డింగ్ ప్రోగ్రామ్‌లలో జీ3 దగ్గర మొదలుపెడతారు. అది వయొలిన్ కింది తీగ కాదు, దానికి ఒక ఆక్టేవ్ పైన ఉన్న జీ.

కారణం ఏ ఆక్టేవో చెప్పే ఆ అంకెలోనే ఉంది. మిడిల్ సిని (పియానో మధ్యలో ఉండే సి మీట) చార్టుల్లో ఎక్కువగా సి4 అంటారు, నొటేషన్ ప్రోగ్రామ్ మ్యూజ్‌స్కోర్ కూడా అంతే. యమహా పద్ధతిలో అదే మీట సి3. లాజిక్, క్యూబేస్, ఏబుల్‌టన్ మామూలుగా సి3 అనే చూపిస్తాయి. ఎఫ్ఎల్ స్టూడియోలో అది సి5. మీట ఒకటే, పేర్లు మూడు.

ఈ తప్పు దొరకకపోవడానికి కారణం అది ఎక్కడా తప్పులా కనిపించకపోవడమే. ఒక ఆక్టేవ్ పైకి జరిగినా ఆ స్వరాలు చాలావరకు వయొలిన్ రేంజ్‌లోనే ఉంటాయి. రేంజ్ దాటిన స్వరాలను ఎర్రగా చూపించే మ్యూజ్‌స్కోర్‌లో తెరిచినా ఏదీ ఎర్రబడదు, శాంపిల్ (రికార్డు చేసి పెట్టిన వాద్య ధ్వని) కూడా చక్కగా మోగుతుంది. కింది తీగ మీద నిండుగా రావలసిన పాట సన్నగా ఎందుకు వస్తోందో రికార్డింగ్ రోజు దాకా ఎవరికీ తెలియదు.

గిటార్ దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. గిటార్‌కి రాసే స్వరం, పలికే స్వరం కంటే ఒక ఆక్టేవ్ పైన ఉంటుంది. లావు తీగ పలికేది మామూలు చార్టు లెక్కలో ఈ2, కాగితం మీద రాసేది ఈ3. యమహా లెక్కలో పలికేది ఈ1, రాసేది ఈ2. ఇప్పుడు ఎవరైనా 'గిటార్ ఈ2 నుంచి' అంటే అది పలికే స్వరమా, రాసే స్వరమా? రెండూ కావచ్చు. అందుకే ఆ ముక్క మీద ఆధారపడి గిటార్ పార్టు రాయకండి. బాస్ గిటార్, డబుల్ బాస్ కూడా ఇలా ఆక్టేవ్ పైకి రాసే వాద్యాలే.

పరిష్కారం ఒక్క నిమిషం పని. 61 మీటల కీబోర్డ్‌లో ఆక్టేవ్ షిఫ్ట్ సున్నాలో పెట్టి, ఎడమ నుంచి మూడో సి నొక్కండి. అదే మిడిల్ సి. పియానో స్టాఫ్‌లో అది ట్రెబుల్ క్లెఫ్ కింద ఒక్క అదనపు గీత మీద కూర్చోవాలి. అక్కడ కూర్చున్నాక మీ ప్రోగ్రామ్ దానికి ఏ అంకె ఇస్తోందో రాసుకోండి. సి3 అని చూపిస్తే సి4 పద్ధతి చార్టులోని ప్రతి అంకెలో ఒకటి తగ్గించండి, సి5 అయితే ఒకటి కలపండి. లాజిక్‌లో మిడిల్ సి పేరును సెట్టింగ్స్‌లోనే మార్చుకోవచ్చు.

నా చార్టులో మాత్రం పేర్లు ఉండవు, మిడి నంబర్లే (ఒక్కో మీటకు ఒక్కో నంబరు) ఉంటాయి. మిడిల్ సి 60. ఫ్లూట్ కింది స్వరం కూడా 60, వయొలిన్ 55, వయోలా 48, గిటార్ పలికేది 40, చెల్లో 36. ఈ నంబర్లు ఏ ప్రోగ్రామ్‌లోనూ మారవు.

ఎప్పుడో ఒకసారి వచ్చేవి

కొన్ని మీటలు నొక్కితే శబ్దం రాకుండా వాయింపు తీరు మారిపోతోందంటే అవి కీస్విచ్‌లు, ఆక్టేవ్ మార్చి చూడండి. అందరికంటే సమంగా అర స్వరమో ఒక స్వరమో తేడా ఉంటే కీబోర్డ్ ట్రాన్స్‌పోజ్ బటన్ చూడండి. కర్ణాటక వయొలిన్ విద్వాంసులకు పైన చెప్పిన 55 వర్తించదు. వాళ్లు తీగలను గాయకుల శ్రుతికి స-ప-స-ప కట్టుకుంటారు కాబట్టి ముందే శ్రుతి అడిగి రాయండి.