వానలకు ముందు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: పిల్లలతో వచ్చేవాళ్లకు జాగ్రత్తలు

హైదరాబాద్‌కు పిల్లలతో మారేవాళ్లలో చాలామంది ఏప్రిల్, మే నెలల్లోనే ఇల్లు వెతుకుతారు. జూన్‌లో బడులు తెరుస్తారు, ఆషాఢం వచ్చిందంటే ఇల్లు మారడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఆ తొందరలో ఎండలో చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తాం. ఆ ఇల్లు వానలో ఎలా ఉంటుందో చేరాక గానీ తెలియదు. అందుకే ముందు కాలనీని చూడండి. టైల్స్, కప్‌బోర్డులు తర్వాత చూడొచ్చు.

వరద సంగతి అన్నిటికంటే ముఖ్యం. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు టోలిచౌకిలోని నదీం కాలనీ, మీర్‌పేట, సరూర్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో సెల్లార్లు నిండి జనం పైఅంతస్తుల్లో చిక్కుకున్నారు. చెరువుకు దిగువన, నాలా (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) పక్కన కట్టిన ఇళ్లకు ఈ భయం ఎప్పుడూ ఉంటుంది. వీధిలో గోడల మీద నీటి మరకలున్నాయా, గేట్ల ముందు అడ్డంగా గట్టు కట్టుకున్నారా, కరెంటు మీటర్లను పైకి మార్చారా చూడండి. కిరాణా కొట్టాయన్ని అడగండి: "అన్నా, పెద్ద వానొస్తే ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?" బ్రోకర్ చెప్పని మాట ఆయన చెబుతాడు. మంచం దిగలేని పెద్దవాళ్లుంటే, వీధి ఎత్తు మీద ఉంటే తప్ప గ్రౌండ్ ఫ్లోర్ వద్దు.

నీటి ఎద్దడి మాత్రం ఎండాకాలంలోనే కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్లి అపార్ట్‌మెంట్ల ముందు ఎన్ని ట్యాంకర్లు ఆగుతున్నాయో చూడండి. 2024 వేసవిలో నగరం పడమటి వైపు చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే నెట్టుకొచ్చాయి. మంజీరా కనెక్షన్ (వాటర్ బోర్డు కుళాయి నీళ్లు) ఉందా, నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, బోరు ఎండిందా, ట్యాంకర్ డబ్బులు మెయింటెనెన్స్‌లోనే ఉన్నాయా, విడిగా పంచుతారా? ఇవి ఓనర్‌తో పాటు వాచ్‌మన్‌నీ, అదే బిల్డింగ్‌లో అద్దెకున్నవాళ్లనీ అడగండి.

బడిలో సీటు ఖాయం చేసుకున్నాకే ఇల్లు ఖాయం చేసుకోండి. ఆఫీసు హైటెక్ సిటీలో ఉంటే ఇల్లు గచ్చిబౌలి, కొండాపూర్‌లలోనే ఉండాలని అనుకుంటారు. కానీ నాగోల్ నుంచి హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం వెళ్లే మెట్రో నగరం తూర్పున ఉన్న హబ్సిగూడ, తార్నాకల మీదుగానే పోతుంది, అక్కడా ఇల్లు చూడొచ్చు. స్టేషన్‌కు నడిచి వెళ్లగల ఇల్లు దొరికితే ట్రాఫిక్ టెన్షన్ చాలావరకు తప్పుతుంది. చిన్నపిల్లలుంటే ఆఫీసు దూరం కంటే బడి దూరానికే నేను ఎక్కువ విలువిస్తాను. రోజూ రెండుపూటలా గంటకు పైగా బస్సులో కూర్చునే పిల్లలకు ఇక ఆడుకోవడానికి ఓపిక ఎక్కడుంటుంది? ఆదివారం మధ్యాహ్నం కాకుండా, సోమవారం ఉదయం ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి.

చీకటి పడ్డాక కూడా ఆ వీధిలో నడవండి. దీపాలు వెలుగుతున్నాయా, కుక్కల గుంపులున్నాయా, ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారా, మలుపులో వైన్ షాపు, పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూమ్ ఉన్నాయా? పిల్లలు బయట ఆడుకుంటున్న వీధి దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా ఆలోచించండి.

ఇల్లు చూడకుండా ఎవరికీ టోకెన్ పంపకండి. ఆర్మీలో ఉన్నాను, ఊళ్లో లేను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అని ఫోన్‌లో అడిగితే అది మోసమే. అడ్వాన్స్ ఇక్కడ సాధారణంగా రెండు, మూడు నెలల అద్దె ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో, అద్దె ఏటా ఎంత పెంచుతారో 11 నెలల అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. కరెంటు మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉండాలి. ఇద్దరికీ ఒకటే అయితే యూనిట్లు కలిసి పై స్లాబుకు వెళ్లి బిల్లు పెరుగుతుంది.

సామాన్లు దించే ముందే ఖాళీ ఇంటిని గోడల చెమ్మ, కుళాయిలు, మీటరు రీడింగ్‌తో సహా వీడియో తీసి, అదే రోజు ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి.