పాప టీకాల బిల్లు ఇన్సూరెన్స్‌లో వస్తుందా? బెంగళూరులో ఉన్నోళ్ల కోసం

మారతహళ్లిలో మా పాపకి ఆరు వారాల టీకాలు ప్రైవేట్ క్లినిక్‌లో వేయించి, ఆఫీస్ పాలసీ ఉంది కదా అని బిల్లు పెడితే రిజెక్ట్ అయిపోయింది, చాలా బాధేసింది, అందుకే రాస్తున్నా. మామూలు పాలసీలు ఎక్కువగా అడ్మిట్ అయితేనే డబ్బులిస్తాయి, టీకా అంటే ఓపీడీ (అడ్మిట్ కాకుండా చూపించుకునే వైద్యం) కిందకొస్తుంది, కుక్క కరిచాక వేసే ఇంజెక్షన్ లాంటివి తప్ప మిగతావి చాలా పాలసీల్లో ఉండవు.

కాబట్టి ముందు పాలసీ పీడీఎఫ్ తెరిచి "వ్యాక్సినేషన్" అని వెతకండి. మెటర్నిటీ కవర్ (కాన్పు ఖర్చులిచ్చేది) ఉంటే కొన్నిట్లో పాపకి మొదటి ఏడాది టీకాలు వస్తాయి, లిమిట్ ఎంతో చూస్కోండి. ఓపీడీ ఉంటే టీకాలు అందులో వస్తాయా అని హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీస్కోండి, ఫోన్‌లో చెప్పింది నమ్మొద్దు.

బిల్లు దగ్గర మాత్రం జాగ్రత్త అండి. "ఇంజెక్షన్ ఛార్జెస్" అని ఒకే లైన్ రాసిస్తారు, ఒప్పుకోవద్దు, టీకా పేరు, బ్యాచ్ నంబర్, ధర ఒక లైన్, డాక్టర్ ఫీజు ఇంకో లైన్ రాయించుకోండి, పాప పేరు పాలసీలో ఉన్నట్టే ఉండాలి. డాక్టర్ చీటీ, డబ్బు కట్టిన రసీదు, టీకా కార్డు పేజీ ఫొటో కూడా పెట్టండి.

అసలు బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, రోటా, న్యుమోకోకల్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) ఈ టీకాలన్నీ గవర్నమెంట్ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉచితం, మేం 10, 14 వారాలవి అక్కడే వేయించాం. ఫ్లూ, చికెన్‌పాక్స్ లాంటివి అక్కడ దొరకవు, వాటికి మాత్రం డబ్బు పక్కన పెట్టుకోండి.